మామ, కొరమేను, రేసు బండి

మా బామ్మర్దికి ట్రాక్ పిచ్చి పట్టింది. నెల్లూరు నుంచి చెన్నై వైపు పోతే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అది చూసొచ్చినప్పట్నించి మాగుంట లేఔట్ సందుల్లో కూడా మోకాలు బయటపెట్టి తిరుగుతుండాడు.

పాత బండొకటి కొని ట్రాక్‌కే ఉంచుకోమని స్నేహితులు నెత్తీనోరూ కొట్టుకున్నారు. రేసులో పడితే ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు, రోజూ తిరిగే బండిని పాడు చేసుకోవద్దన్నారు. అయితే రెండో బండికి చోటు కావాలి, దాన్ని ట్రాక్ దాకా మోసుకుపోయే ట్రాలీ కావాలి, అన్నిటికన్నా ముందు మా మామకి చెప్పాలి. అది జరిగే పని కాదు గనక ఉన్న కేటీఎం 390 బండి మీదే పడ్డాడు.

అద్దాలు పీకేశాడు. పడితే పగిలిన ముక్కలు ట్రాక్ మీద చెదరకుండా హెడ్‌లైటుకి టేపు అతికించాడు. హ్యాండిల్ కిందికి దించాడు. వంగినప్పుడు నేలకి తగులుతుందని సైడ్ స్టాండు ఊడదీశాడు. గేరు కూడా తిరగేశాడు, అంటే నొక్కితే పెరుగుతుంది, ఎత్తితే తగ్గుతుంది, న్యూట్రల్ నుంచి ఫస్టుకి కూడా ఎత్తాల్సిందే. ఎడమవైపు బండి వాలి ఉంటే గేరు కింద బొటనవేలు దూరదంట.

ఆదివారం పొద్దున మామ స్కూటరు పంక్చరైంది. పంక్చరైందని చేపల పులుసు ఆగుతుందా? వాడు నిద్రలో ఉండగానే మామ ఆ బండి తీశాడు. గోడకి ఆనించి ఉంటే కుర్రోడి బద్ధకం అనుకున్నాడంట.

ఫస్ట్ గేరనుకుని నొక్కితే సెకండు పడి బండి ఆగిపోయింది. ఎట్లనో కదిలించి, సెకండు కోసం ఎత్తితే ఫస్టు పడింది. ఇంజను కెవ్వుమంది, మామ గడ్డం పోయి ట్యాంకుకి కొట్టుకుంది. రేసు బ్రేకులు వేడెక్కితేగానీ సరిగా పట్టవు, అందుకని బండి బాగా ఆలోచించుకుని మార్కెట్ ముందు ఆగింది. మామ ఎడమ కాలు స్టాండు కోసం గాల్లో తడుముకుంది.

నాకు ఫోనొచ్చింది. "అల్లుడూ, చేపల మార్కెట్ కాడికి రాయ్యా. బండి పట్టుకునేదానికి మనిషి కావాల."

పోయి చూద్దును గదా, ఒక చేత్తో బండి, ఇంకో చేతిలో సంచి, సంచిలో ప్రాణంతో ఉన్న కొరమేను. అది నీళ్లు లేకపోయినా అంత తొందరగా చావదు. అది ఎగిరినప్పుడల్లా మామా ఎగురుతుండాడు, బండీ వాలుతుంది. కోయించుకుందామంటే లోపలికి పోవాలి, బండి వదిలితే పడుద్ది.

ఆయన బాధ అది కూడా కాదు. మా మామ బేరమంతా కాళ్లలోనే ఉంది. ధర చెప్పగానే "వద్దులేమ్మా" అని పదడుగులు నడిచేస్తాడు, వెనకనుంచి పిలుపు రావాల్సిందే. ఆ రోజు కదల్లేని మనిషిని చూసి ఆ చేపలామె పైసా దిగలేదు.

"యాడికి పోతావు సామీ, నీకు స్టాండు ల్యా" అనిందంట.

మధ్యాహ్నం పులుసు తిని చెయ్యి కడుక్కుంటా మామ తీర్పు చెప్పాడు. "రేయ్, అది ట్రాక్‌కే ఉంచుకో."

వాడి మొహం వెలిగిపోయింది.

"మార్కెట్‌కి నాకొక టీవీఎస్ ఎక్సెల్ కొనియ్యి. గేర్లుండకూడదు. స్టాండ్లు రెండుండాల."