ఆ "ఉమ్మడి పునాది" ఎప్పుడుండేది?

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. ఆర్థికశాస్త్రానికి ఒకప్పుడు అందరూ ఒప్పుకున్న పునాది ఉండేదట, ఇప్పుడది పోయిందట. 2013లో పరస్పర విరుద్ధంగా మాట్లాడిన ఇద్దరికి నోబెల్ ఇచ్చారట, 2008 సంక్షోభం వస్తుందని ఒక్కరూ హెచ్చరించలేదట. కనుక అదంతా ఉత్త అభిప్రాయాల గోల అని తీర్పు. పునాదికి బీట పడిన మాట నిజమే, సందేశం చూపించిన చోట మాత్రం కాదు.

ఒకప్పుడంటే ఎప్పుడు? ఈ శాస్త్రపు తొలితరం పెద్దలు రికార్డో, మాల్థస్ మంచి మిత్రులు. దేశం మొత్తం మీద గిరాకీ పడిపోగలదా అన్న విషయంలో చివరిదాకా ఏకీభవించలేదు. 1880లలో సిద్ధాంతమే ముఖ్యమన్న మెంగర్, చరిత్రే ముఖ్యమన్న ష్మోలర్ అసలు ఈ శాస్త్రానికి పద్ధతి ఏదన్న దాని మీదే కలబడ్డారు.

ఇక 2013 నోబెల్. సందేశం చెప్పే ఆ ఇద్దరు ఫామా, షిల్లర్. స్వల్పకాలంలో షేర్ల ధరలను ముందే చెప్పడం దాదాపు అసాధ్యమని ఫామా చూపించారు. కొన్నేళ్ల వ్యవధిలో వాటి ధోరణిని కొంత అంచనా వేయవచ్చని షిల్లర్ చూపించారు. ఈ రెండూ కలిసే నిలుస్తాయి. తగాదా అంతా కారణం దగ్గర: ఫామా రిస్కు అంటారు, షిల్లర్ జనం మనస్తత్వం అంటారు. ఆ ఏడు బహుమతి పొందిన మూడోవారు హాన్సెన్. ఆయన్ని కలిపితే కథ రక్తి కట్టదు కాబట్టి వదిలేశారు. అన్నట్టు, నెలనెలా ఇండెక్స్ ఫండులో (షేర్లను ఏరకుండా మార్కెట్ సూచీనే అనుసరించే ఫండు) డబ్బు వేస్తూ ఈ సందేశం పంపేవాళ్లు ఫామా మాట మీదే నడుస్తున్నారు. నిజంగా ఎదురెదురు జోడీ కావాలంటే 1974లో నోబెల్ పంచుకున్న హయెక్, మిర్డాల్ ఉన్నారు: ఒకరు స్వేచ్ఛా మార్కెట్ వైపు, ఇంకొకరు ప్రభుత్వ ప్రణాళిక వైపు.

అసలు బీట 1970లలో పడింది. మార్కెట్లన్నీ ఒకేసారి సమతౌల్యానికి (గిరాకీ, సరఫరా సరితూగే స్థితికి) రాగల ధరలు ఉంటాయని 1954లో ఆరో, డెబ్రూ నిరూపించారు. తరువాత సోనెన్‌షైన్, మాంటెల్, స్వయంగా డెబ్రూ ఇంకో సంగతి తేల్చారు: మనుషులు ఎంత హేతుబద్ధంగా ప్రవర్తించినా, వాళ్లందరి గిరాకీని కూడితే వచ్చేది దాదాపు ఏ రూపమైనా తీసుకోవచ్చు. ఆ సమతౌల్యం ఒక్కటే ఉంటుందనీ, స్థిరంగా ఉంటుందనీ హామీ లేదు. చాలామంది స్థూల ఆర్థికవేత్తలు దేశాన్నంతా ఒకే ప్రతినిధి మనిషిగా ఊహించుకుని ఈ చిక్కును దాటేశారు. ఒక్కడే ఉన్నచోట అప్పిచ్చేవాడెవరు, పుచ్చుకునేవాడెవరు?

2008 నాటికి కేంద్ర బ్యాంకులు వాడిన ప్రధాన నమూనాల్లో చాలావాటికి బ్యాంకుల పతనం కనిపించకపోవడానికి ఇదొక కారణం. అలాగని హెచ్చరికే లేదనడం తప్పు. 2005లో అమెరికాలోని జాక్సన్ హోల్‌లో జరిగిన కేంద్ర బ్యాంకర్ల సమావేశంలో రఘురామ్ రాజన్ ఆ ప్రమాదం గురించి చెప్పారు. డిపాజిటర్లు ఒక్కసారిగా ఎగబడితే బ్యాంకు ఎలా కూలుతుందో డైమండ్, డిబ్విగ్ 1983లోనే వివరించారు.

అభిప్రాయాల గోల అన్న మాటకు వస్తే, 1992లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. ఆర్థికవేత్తలు కార్డ్, క్రూగర్ అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పొరుగున ఉన్న పెన్సిల్వేనియా హోటళ్లతో పోల్చారు. అందరూ అనుకున్నట్టు ఉద్యోగాలు తగ్గిన జాడ కనిపించలేదు. ఒప్పుకోనివాళ్లు ఆ రెండు రాష్ట్రాల ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల జీతాల రికార్డులు సేకరించి వాదనకు దిగారు. వేతనం ఏ మేరకు పెంచితే ఉద్యోగాలకు దెబ్బ అన్నది నేటికీ తేలలేదు. ఆ వాదన ఇప్పటికీ లెక్కల మీదే నడుస్తోంది.