మహారాజశ్రీ టెలిమెట్రీ గారికి, చిక్కడపల్లి నుంచి

మహారాజశ్రీ టెలిమెట్రీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దల పద్ధతి. నా కంప్యూటరు ఎప్పుడు వెలిగిందో, అందులో ఏ ప్రోగ్రాము ఎప్పుడు కుప్పకూలిందో విండోస్ లోపల కూర్చుని నా కంప్యూటరు సంగతులు తయారీ కంపెనీకి మోసే తమకు వేళ తప్పకుండా చేరుతూనే ఉంది కనుక నా కుశలం వేరే రాయనక్కరలేదు. తమ కుశలమే నాకెవరూ పంపరు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒక పెళ్ళి శుభలేఖ దిద్దుతుండగా కంప్యూటరు లోపలి ఫ్యాను హోరెత్తింది. టాస్క్ మేనేజరు తెరిస్తే డిస్కు నూటికి నూరు శాతం తమ సేవలోనే ఉంది. నేను స్వహస్తాలతో ఆపేసిన తమ సర్వీసు, ముందురోజు రాత్రి వచ్చిన అప్‌డేట్ పుణ్యమా అని మళ్ళీ లేచి కూర్చుంది. అంతవరకూ సహించాను. ఎందుకైనా మంచిదని హోస్ట్స్ ఫైలు తెరిచి చూశాను.

కంప్యూటరు ఒక పేరుకు చిరునామా ఎవరినైనా అడిగే ముందు ఆ ఫైలునే చూస్తుంది కనుక, తమ సర్వర్ల పేర్ల ముందు 0.0.0.0 అని, ఎక్కడికీ చేరని చిరునామా పెట్టి, తమ మాట గడప దాటకుండా పంతొమ్మిది వరసలు రాసుకున్నాను. అందులో ఒక్కటి కూడా మిగలలేదు. సిస్టమ్‌తోపాటు ఉచితంగా వచ్చిన యాంటీవైరస్ వాటిని 'తీవ్రమైన ముప్పు'గా గుర్తించి, ఫైలును కొత్తదానిలా కడిగి పెట్టింది. నా ఇంటి తలుపుకు నేను వేసుకున్న గొళ్ళేన్ని చూసి కాపలావాడే "దొంగ, దొంగ" అని అరిచి, దాన్ని ఊడబెరికి, పైగా ఇల్లు భద్రంగా ఉందని నాకే చీటీ రాసిచ్చాడన్నమాట! అదే ఫైల్లో నా ప్రింటరుకు పెట్టుకున్న పేరు కూడా ఉండేది. అదీ పోయింది. సాయంత్రం శుభలేఖల కోసం నల్లకుంట నుంచి వచ్చిన పెళ్ళికూతురి తండ్రికి నేనేమని చెప్పాలి? అయ్యా, ముప్పు తొలగింది, కార్డులు మాత్రం రేపు రండి, అనా?

హైటెక్ సిటీలోని పెద్ద కంపెనీలు కొనే కూర్పులో తమ నోరు పూర్తిగా కట్టేయవచ్చు. నేను కొన్న ఇంటి కూర్పులో 'తప్పనిసరి సమాచారం' అన్న మీటకు ఆపే వైపే లేదు. ఏం పంపుతున్నారో చూసుకొమ్మని ఒక వీక్షణ సాధనం ఇచ్చారు, సంతోషం. తెరిస్తే అంతా జేసన్, అంటే ప్రోగ్రాములు చదువుకునే రాత. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే ఏకగ్రీవంగా చెప్పింది. సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా ఇచ్చినదై ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టంలో రాసి ఉంది. తమ తెర మీద మాత్రం 'సరే', 'తరవాత గుర్తుచేయి' అనే రెండే మీటలుంటాయి.

కూలిన ప్రోగ్రాము సంగతి చెబితే మరమ్మతు జరుగుతుందని నాకూ తెలుసు. అడిగితే ఇచ్చేవాణ్ణే. అడగకుండా తీసుకోవడమే కాక, వద్దన్నవాణ్ణి దొంగను చేశావు చూడు, అదే నాకు మింగుడుపడటం లేదు. ఈసారి గొళ్ళెం నీ చేతికందే చోట ఉండదు. రౌటరులో పెడుతున్నాను.

ఇట్లు,
సంతకం చేయడం లేదు. నా కంప్యూటరుకు నువ్వు వేసిన నంబరు నీ దగ్గరే ఉందిగా, అదే రాసుకో.