ఫ్యానుకు స్వాతంత్ర్యం ఇచ్చిన జీపు యజమానులకు అభినందన

విశాఖపట్నంలో పాత జీపు కొన్నవాడు ముందుగా అరకు కొండలెక్కాలనుకుంటాడు, తరువాత టైర్లు మార్చాలనుకుంటాడు, చివరకు ఇంజను వేడిని చల్లార్చే రేడియేటర్ ఫ్యాను మార్చాలనే నిశ్చయానికి వస్తాడు. వీటిలో మొదటి సంకల్పం తప్ప మిగిలినవన్నీ నెరవేరుతాయి. ఇంజను బెల్టుతో తిరిగే ఫ్యానును విప్పి తీసి, ఆ చోట బ్యాటరీ కరెంటుతో తిరిగే ఫ్యాన్లు బిగించే ఈ ఉద్యమం గురించి మన మేధావులు ఇంతవరకు ఒక్క సభ కూడా పెట్టకపోవడం విచారకరం. ప్రభుత్వమూ దీన్ని గుర్తించినట్టు లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది గాని, ఆ పత్రంలో రంగుకు, సీట్ల సంఖ్యకు, ఇంజను నంబరుకు, ఇంధనానికి గడులున్నాయే తప్ప ఫ్యానుకు గడి లేదు.

ముందుగా పాత ఫ్యాను నేరాలను విచారించాలి. అది ఇంజనుతో పాటే నిద్ర లేచి, ఇంజను ఎంత వేగంగా తిరిగితే తానూ దానికి తగ్గట్టు తిరుగుతుంది. ఫ్యాను వేగం రెట్టింపైతే దాన్ని తిప్పడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది కనుక, జాతీయ రహదారి మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తున్నప్పుడు, అంటే ఎవరూ పిలవనప్పుడు, అది అందరికంటే ఎక్కువ భోజనం చేస్తుంది. ఈ ఆరోపణ నిజమైనదే. దీనికి విరుగుడుగా ఇంజనీర్లు ఇంజనుకూ ఫ్యానుకూ మధ్య కూర్చునే విస్కస్ క్లచ్ అనే వస్తువును ఎన్నడో కనిపెట్టారు. రేడియేటర్ గుండా వచ్చే గాలి వేడెక్కితే క్లచ్ ముందున్న రెండు లోహాల చుట్ట ఆ సంగతి పసిగట్టి లోపలి సిలికాన్ నూనెకు దారి తెరుస్తుంది, నూనె చేరగానే అంతవరకు జారుతున్న ఫ్యాను పట్టు దొరికి గట్టిగా తిరుగుతుంది, గాలి చల్లబడగానే మళ్లీ జారుడు మొదలవుతుంది. ఇందులో వైరు లేదు, ఫ్యూజు లేదు, స్విచ్చి లేదు, యజమాని ప్రమేయం అసలే లేదు. యజమానికి చెప్పకుండా, అతని అనుమతి అడగకుండా, ఏళ్ల తరబడి సరిగ్గా పనిచేసే వస్తువు బండిలో ఉండటం ఎంత అవమానకరమో జీపు లేనివారికి అర్థం కాదు.

ఆ అవమానాన్ని తుడిచివేసేదే కొత్త ఏర్పాటు. ఇంజను తిరుగుతుంది, ఆ తిరగడాన్ని బెల్టు ఆల్టర్నేటర్‌కు చేరవేస్తుంది, ఆల్టర్నేటర్ దాన్ని కరెంటుగా మారుస్తుంది, ఆ కరెంటు బ్యాటరీని పలకరించి, ఫ్యూజు దాటి, రిలే అనే కరెంటు స్విచ్చిలో 30వ నంబరు కాలి నుంచి 87వ నంబరు కాలికి దూకి, మోటారును చేరుతుంది, మోటారు తిరుగుతుంది. తిరిగేదాన్ని కరెంటుగా మార్చి ఆ కరెంటుతో మళ్లీ తిప్పడం దండగమారి పని అని తొందరపడి అనే వారు ఒకసారి ఆర్కే బీచికి వెళ్లి కుర్సురా జలాంతర్గామిని చూసి రావాలి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, 2002 నుంచి ఇసుక మీద ప్రదర్శనశాలగా నిలిచిన ఆ నౌక చేసింది ఇదే: డీజిలు ఇంజన్లతో కరెంటు పుట్టించి, బ్యాటరీల్లో దాచి, మునిగినప్పుడు ఆ కరెంటుతో ప్రొపెల్లర్లు తిప్పుకుంది. నీటి అడుగున ఇంజన్లకు గాలి అందదు కనుక దానికి మరో దారి లేదు. అక్కయ్యపాలెంలో గాలికి కరువేమీ లేదన్నది వేరే విషయం.

ఇక లెక్కలు చూద్దాం. పాత ఫ్యాను తీసేస్తే పది అశ్వశక్తులు మిగులుతాయని ఉద్యమకారులు చెబుతారు. బిగుసుకున్న క్లచ్‌తో గరిష్ఠ వేగంలో తిరిగే పెద్ద ఫ్యాను కొన్ని అశ్వశక్తులు మింగే మాట నిజం, అయితే ఆ క్షణాలు తక్కువ. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉచితంగా తిరిగేదేమీ కాదు. 30 ఆంపియర్లు లాగే ఫ్యానుకు పదమూడున్నర వోల్టుల దగ్గర సుమారు 400 వాట్లు కావాలి, ఆ కరెంటును తయారు చేయడంలో ఆల్టర్నేటర్ కొంత శక్తిని వేడిగా పారబోస్తుంది, అందువల్ల ఇంజను మీద పడే భారం ఒక అశ్వశక్తికి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. ఆదా ఉంది, కాదనను. ఆదా అయిన గుర్రాలకు నిరుద్యోగం కలగకుండా యజమాని వెంటనే మందపాటి ఇనుప బంపరు, టాపు మీద సామాన్ల చట్రం, రెండు ఖాళీ డీజిలు డబ్బాలు, ఎన్నడూ విప్పని ఒక పార, మరొక స్పేరు చక్రం వాటి వీపున వేస్తాడు.

ఆ ఇనుప బంపరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే కథలో అసలు మలుపు అక్కడే ఉంది. రేడియేటర్‌కు గాలి ముందు నుంచి రావాలి. యజమాని ఆ ముందు భాగంలో, దిగబడిన బండిని తాడుతో లాగే వించి పెడతాడు, వించి పైన వెడల్పాటి ఎల్‌ఈడీ దీపాల పట్టీ, పట్టీ వెనుక మరో రెండు గుండ్రని దీపాలు, వాటి మధ్య ప్రయాణికుల సంఘం బిళ్ల. ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించిన నాటి బంతిపూల దండ ఎండి రాలేదాకా గ్రిల్లు మీదే ఉంటుంది. ఇన్నింటిని దాటుకుని గాలి లోపలికి రాకపోతే నేరం పాత ఫ్యానుది. రావలసిన దారి మూసి, రానందుకు చుట్టాన్ని నిందించే మర్యాద ఇది. దారి తెరవడం అందం చెడగొడుతుంది కనుక ఇంకా గట్టిగా పీల్చే ఫ్యాను వెతకాలి.

ఇంజను ఎందుకు హీటెక్కుతోందని అడిగితే చాలామంది మన ఊరి ఉక్కపోతను చూపిస్తారు. ఇది విశాఖ వాతావరణానికి జరిగిన అన్యాయం. ఉక్కపోత మనిషిని బాధిస్తుంది, ఎందుకంటే మనిషి చెమట ఆరితేనే చల్లబడతాడు, గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. రేడియేటర్‌కు చెమట పట్టదు. దానికి కావలసింది లోపలి ద్రవానికీ బయటి గాలికీ మధ్య వేడి తేడా మాత్రమే. లోపల 90 డిగ్రీలుంటే, మే నెల మధ్యాహ్నం బయట 35 ఉన్నా, ఇంకా 55 డిగ్రీల తేడా మిగిలి ఉంటుంది, అది ఆరోగ్యంగా ఉన్న రేడియేటర్‌కు చాలినంత. కనుక బీచి రోడ్డులో చెమటలు కక్కుతున్న యజమాని తన బాధను బండికి అంటగట్టడం మానుకోవాలి.

ఈ మాట చెప్పడానికి ఏ షెడ్డులోనైనా ఒక పెద్ద మేస్త్రి ఉంటాడు. ఆయన ఇంజను ఆపి, వేడిగా ఉండగానే ఫ్యానును చేత్తో తిప్పి చూస్తాడు. బరువుగా కదిలి ఆగితే క్లచ్ బాగున్నట్టు, గాలిపటం చక్రంలా గిర్రున తిరిగితే నూనె పోయినట్టు. తరువాత రేడియేటర్ మూత తీసి దాని రబ్బరు చూస్తాడు, లోపలికి టార్చి వేస్తాడు. "ఏటి బాబూ, బోరు నీళ్లు పోసి పోసి గొట్టాలన్నీ పూడుకుపోనాయి. ముందు దీన్ని శుభ్రం సేయించండి. ఫ్యాను మారిస్తే ఏటవుతాది?" అంటాడు. ఆ మూత విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఒక బార్ ఒత్తిడిని అది పట్టి ఉంచితే నీరు 100 డిగ్రీలకు బదులు 120 దగ్గర గాని మరగదు. అరిగిన రబ్బరు ఆ ఇరవై డిగ్రీలను ఆవిరి చేస్తుంది. మూత మార్చడం, పైన కింద ట్యాంకులు విప్పి గొట్టాల్లో కమ్మీలు దూర్చి సున్నం తీయించడం, రేకుల మధ్య ఇరుక్కున్న బురదను వెనుక నుంచి మెల్లగా నీళ్లు కొట్టి కడగడం, బోరు నీళ్లకు బదులు కూలెంటు పోయడం, ఇవేవీ స్నేహితులకు చూపించడానికి పనికొచ్చే పనులు కావు. బానెట్ ఎత్తి "చూడండి, సున్నం లేదు" అని ఎవరితో అంటాం? అందుచేత మేస్త్రి సలహాను వినమ్రంగా విని, ఫ్యాన్లు తెమ్మని గాజువాక మనిషిని పంపుతారు. మేస్త్రి వాదించడు. తీసిన పాత ఫ్యానును క్లచ్‌తో సహా నూనె గుడ్డలో చుట్టి షెడ్డు అటక మీద పెడతాడు.

బిగించే విధానంలో కూడా మనవారిది ప్రత్యేక శైలి. పాత ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడు, అంటే గాలిని రేడియేటర్ మొత్తం నుంచి లాగించే ఆ డొప్ప, కొత్త ఫ్యానుకు పట్టదు కనుక పక్కన పారేస్తారు. డొప్ప లేని ఫ్యాను తన గుండ్రని నీడ పడినంత మేరకే చల్లబరుస్తుంది, నాలుగు మూలలూ చూస్తూ కూర్చుంటాయి. ఫ్యానును ప్లాస్టిక్ పట్టీలతో రేడియేటర్ రేకుల గుండానే కట్టేస్తారు, గతుకుల్లో అది కదిలి కదిలి గొట్టాన్నే కోస్తుంది. అప్పుడప్పుడు రెండు వైర్లు తారుమారవుతాయి, ఫ్యాను వెనక్కి లాగవలసిన గాలిని ముందుకు నెడుతుంది. అటువంటి బండి నిలబడితే ఎలాగో నెట్టుకొస్తుంది, వేగం అందుకోగానే ఎదురుగాలికీ ఫ్యానుకూ మధ్య యుద్ధం మొదలై హీటెక్కుతుంది, యజమాని ఇంకా పెద్ద ఫ్యాను కొంటాడు. ముందుజాగ్రత్త ఎక్కువైన వారు మరొకటి చేస్తారు: వేడెక్కిన ద్రవాన్ని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంటే ఫ్యాను 75 దగ్గరే మొదలవ్వాలని మీట తిప్పి పెడతారు. ఇంజను 75 కంటే కిందికి దిగడానికి థర్మోస్టాట్ ఒప్పుకోదు, ఫ్యాను ఆగడానికి సెన్సరు ఒప్పుకోదు. అలా యజమాని అవసరమైనప్పుడే తిరిగే ఫ్యాను కోసం డబ్బు పెట్టి, ఎప్పుడూ తిరిగే ఫ్యానును సంపాదిస్తాడు.

న్యాయంగా ఒక గొప్పతనం ఒప్పుకోవాలి. లోతైన నీటిలో దిగినప్పుడు బెల్టు ఫ్యాను రెక్కలు నీటిని తోస్తూ ముందుకు వంగి రేడియేటర్‌ను చెక్కేయగలవు, అందుకే పూర్వం నీటిలో దిగేముందు బెల్టు తీసేసేవారు. కరెంటు ఫ్యానైతే డ్యాష్‌బోర్డు మీద స్విచ్చి నొక్కి ఆపేయవచ్చు. ఎర్ర రంగు మూత కింద, యుద్ధ విమానంలో క్షిపణి మీటలా ఉండే ఆ స్విచ్చి ఈ మొత్తం ఖర్చుకు అసలు కారణమని నా అనుమానం. అనంతగిరి వైపు వానాకాలపు గెడ్డ ఒకటి నిజంగా దాటే రోజు వస్తుంది. యజమాని గంభీరంగా స్విచ్చి ఆపుతాడు, అవతలి గట్టెక్కుతాడు, ఫోటోలు దిగుతాడు, కరచాలనాలు జరుగుతాయి, ఘాట్ ఎక్కడం మొదలవుతుంది. స్విచ్చి మళ్లీ వేయాలన్న సంగతి ఇంజనులోని హెడ్ గాస్కెట్ అనే సీలు వేడికి కాలిపోయి గుర్తు చేస్తుంది. ఆ ఘాట్‌లో రెండో గేరులో ఇంజను గట్టిగా తిరుగుతూ బండి మెల్లగా ఎక్కుతున్నప్పుడు, బెల్టు ఫ్యాను తిన్నదానికి పూర్తి పని చూపించి ఉండేది.

అయితే కొత్త ఫ్యాను నిజంగా రాణించే చోటు ఏది? బండి కదలకుండా ఇంజను మాత్రం తిరుగుతున్న చోటు. ఇంజను నిమిషానికి ఏడెనిమిది వందల చుట్ల దగ్గర కునుకుతున్నప్పుడు బెల్టు ఫ్యాను కూడా బద్ధకంగా తిరుగుతుంది, ఎదురుగాలి ఉండదు. కరెంటు ఫ్యానుకు ఇంజను వేగంతో నిమిత్తం లేదు, పూర్తి వేగంతో గాలి లాగుతుంది. బండరాళ్ల మీద అంగుళం అంగుళం పాకే బండికి ఇది వరం. హనుమంతవాక సిగ్నల్ దగ్గర సాయంత్రం ఆరు గంటలకు నిలబడిన బండికి అంతకంటే పెద్ద వరం. ఇంజను అడ్డంగా కూర్చునే చిన్న కార్లకు ఈ ఫ్యాను మొదటి నుంచీ ఉంది, వాటి బెల్టు రేడియేటర్ వైపు చూడదు కనుక మరో మార్గం లేక పెట్టారు. అంటే అడవుల్లో తిరగడానికని కొన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండిని మన యజమాని ఎంతో శ్రమపడి, ఇడ్లీ పొట్లం కోసం మద్దిలపాలెంలో ఇంజను ఆపకుండా ఆగే చిన్న కారు స్థాయికి చేర్చాడు. దీన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. బండి ఎక్కడ బతుకుతోందో అక్కడికి తగిన ఫ్యాను దానికి దొరికింది, యజమానికి తెలియకుండానే ఇంజనీరింగు నెగ్గింది.

సిగ్నల్ దగ్గర ఒక చిక్కు మాత్రం ఉంది. నిలబడిన ఇంజను ఆల్టర్నేటర్ నుంచి పూర్తి కరెంటు రాదు. రాత్రి వాన, హెడ్‌లైట్లు, వైపరు, పాటల పెట్టె, దీపాల పట్టీ, వీటన్నిటి పక్కన 30 ఆంపియర్ల ఫ్యాను పళ్లెం పట్టుకుని నిలబడితే, మిగిలిన కరెంటు బ్యాటరీ తన పొదుపులోంచి తీసి ఇస్తుంది. దానికి తోడు మన సముద్రపు గాలి. ఉప్పు తేమ రిలే కాళ్లను, ఫ్యూజు పట్టులను పచ్చగా చిలుము పట్టిస్తుంది, పట్టు వదులైన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. పాత క్లచ్‌లోని సిలికాన్ నూనెకు ఈ వైరు గొడవలేవీ లేవు.

కొంతకాలానికి బండి అమ్మకానికి వస్తుంది. ప్రకటనలో "జంట ఎలక్ట్రిక్ ఫ్యాన్లు" అన్న మాట ఇంజను సామర్థ్యం కంటే ముందు ఉంటుంది. చూడవచ్చిన పెద్దమనిషి చోడవరం వైపు తోటకు ఎరువు తోలుకోవడానికి బండి వెతుక్కుంటున్నవాడు. బానెట్ ఎత్తి, వైర్ల చిక్కును కాసేపు చూసి, ధర మాట్లాడకముందే మేస్త్రి వైపు తిరిగి, కంపెనీ ఫ్యాను ఎక్కడైనా దొరుకుతుందా, బిగించడానికి ఎంత అవుతుందని అడుగుతాడు.

"అటక మీద దాసీసాను బాబూ," అంటాడు మేస్త్రి, నిచ్చెన కోసం చూస్తూ. "బిగింపు కూలీ తీసినప్పటి కూలీయే. ఫ్యాను ఖరీదు వేరే."