మోంటెరిజ్జోని కింద ఆ రహస్య స్థావరం లేదు

ఇటలీలోని మోంటెరిజ్జోని కోట కింద అసాసిన్లనే రహస్య హంతకుల సంఘం స్థావరం నిజంగానే ఉందనీ, అందులోని విగ్రహాలు చరిత్రలో రాజులను చంపిన అసాసిన్లవేననీ, పైనున్న విల్లా అనే పెద్ద భవనాన్ని 1500లో పోప్ కొడుకూ సేనానీ అయిన చెజారే బోర్జియా ఫిరంగులతో కూల్చాడనీ, ‘అసాసిన్స్ క్రీడ్ 2’ వీడియో గేమ్ ఆ చరిత్రనే చూపించిందనీ చెప్పే సందేశం ఒకటి చాలామంది పంచుకుంటున్నారు. ఆ గేమ్‌ను ప్రాణంగా ఆడినవాణ్ణి కాబట్టే దీనికి జవాబు రాస్తున్నాను.

నేలమాళిగ ఉండాలంటే ముందు పైన ఇల్లుండాలి. సియెనా వారు ఫ్లోరెన్స్ సేనలను అడ్డుకోవడానికి 13వ శతాబ్దం తొలినాళ్లలో కట్టిన ఈ కోటకు సుమారు 570 మీటర్ల ప్రహరీ, 14 బురుజులు నేటికీ ఉన్నాయి. గేమ్‌లో ఊరి చివర ఎత్తున కనిపించే, కథానాయకుడి కుటుంబమైన ఆడిటోరేల విల్లా మాత్రం ఏనాడూ లేదు, ఆ కుటుంబమూ కల్పితమే. ద్వారం దాటి లోపలికి వెళ్తే ఒక కూడలి, ఒక చిన్న చర్చి, కొన్ని రాతి ఇళ్లు కనిపిస్తాయి. ఇంకాస్త నడిస్తే అవతలి ద్వారమే వచ్చేస్తుంది.

ఇక ముట్టడి సంగతి. 1500 జనవరి మొదట్లో చెజారే అపెనైన్ కొండలకు అవతల, ఫోర్లీలో ఆ ఊరి పాలకురాలు కాతెరీనా స్ఫోర్జా కోటను ముట్టడించి ఉన్నాడు. అది 12వ తేదీన పడిపోయింది. మోంటెరిజ్జోని చేజారింది 1554లో, అదీ పోరు లేకుండా, కోట అధిపతి తానే ఫ్లోరెన్స్‌ను ఏలే మెడిచీ కుటుంబం పక్షానికి అప్పగించడం వల్ల.

అన్నిటికంటే ఎక్కువమంది నమ్ముతున్నది విగ్రహాల మాట. గేమ్‌లో ఆరు సమాధుల నుంచి తెచ్చిన ముద్రలను ఒక్కొక్క విగ్రహం ముందు పెడితే, పాతకాలపు అసాసిన్ అల్తాయిర్ (గేమ్ పాత్ర) కవచానికి అడ్డుగా ఉన్న ఇనుప కటకటాలు తెరుచుకుంటాయి. ఆ నిమిషంలో కలిగే ఒళ్లు పులకరింత వల్లనేమో, ఆ రాతి మనుషులంతా నిజమనిపిస్తుంది. కానీ పర్షియా రాజు జెర్క్సీస్‌ను చంపించినవాడిగా గ్రీకు రచనలు చెప్పేది అతని సొంత అధికారి అర్తబానుస్‌ను, గేమ్‌లో విగ్రహమున్న దారియుస్ అనే అసాసిన్‌ను కాదు. క్రీ.శ. 41లో రోమన్ చక్రవర్తి కలిగులాపై కత్తి దూసింది అతని అంగరక్షక దళానికే చెందిన కాసియుస్ కెరియా. గేమ్ ఆ హత్యను అంటగట్టే లియోనియుస్ అన్నవాడు చరిత్రలో లేడు. చెంగిజ్ ఖాన్‌ను బాణంతో కొట్టిన కులాన్ గాల్ కూడా రచయితలు సృష్టించిన పాత్రే. రాజభవనాల్లోని సొంత మనుషుల కుట్రలను తెచ్చి ఒక రహస్య సంఘం ఖాతాలో వేయడం కథకు బాగుంటుంది, చరిత్రకు అన్యాయం.

గేమ్‌లో నిజం లేదని నేననను. 1478 ఏప్రిల్ 26న ఫ్లోరెన్స్ కెథడ్రల్‌లో జూలియానో మెడిచీని, ప్రత్యర్థి కుటుంబమైన పాట్సీల పక్షపు కుట్రదారులు పొడిచి చంపింది నిజం. అసాసిన్లన్న పేరు పడిన నిజారీ ఇస్మాయిలీలూ (షియా ముస్లింలలో ఒక శాఖ) చరిత్రలో ఉన్నారు. అయితే వారి స్థావరాలు ఇరాన్‌లోని అలమూత్, సిరియాలోని మస్యాఫ్ వంటి కోటలు. అవి మోంటెరిజ్జోని ఉన్న టస్కనీ ప్రాంతపు నేల కింద దాగినవి కావు, కొండల మీద అందరికీ కనబడేలా కట్టినవి.