అరువు వాక్యాలతో సొంత అభిప్రాయమా?

విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లోని రైటింగ్ టాస్క్ 2 (వ్యాసం) కోసం పిల్లలకు ఇంకా బట్టీ వాక్యాలే నూరిపోస్తున్నారంటే కడుపు మండిపోతుంది. "నేటి ఆధునిక యుగంలో ఇది అత్యంత చర్చనీయాంశం" అంటూ ఏ ప్రశ్నకైనా అతికే 40 మాటలు! దిద్దేవాళ్లు ఆ మూసను ఇట్టే పసిగడతారు. బట్టీ భాగానికి మార్కులు రాలవు.

అడిగింది "ఎంతవరకు ఏకీభవిస్తారు" అని. రాసేదేమో మంచికో పేరా, చెడుకో పేరా. తన మాటేమిటో చివరిదాకా తేలదు. టాస్క్ రెస్పాన్స్, అంటే అడిగినదానికి ఎంత బాగా జవాబిచ్చారన్న అంశం, అక్కడే దెబ్బతింటుంది. టాస్క్ 2 మార్కుల్లో అది పావు వంతు మరి! వైఖరి మొదటి పేరాలోనే చెప్పాలి, చివరిదాకా దానిమీదే నిలబడాలి. పేరాకు ఒక్క కారణం చాలు. అదెందుకు నిజమో రెండు మూడు వాక్యాల్లో విప్పి, ఒక ఉదాహరణ ఇవ్వాలి. ఐదు కారణాలు ఏకరువు పెడితే ఒక్కటీ పండదు.

గ్రాఫును వివరించడమో ఉత్తరం రాయడమో ఉండే టాస్క్ 1 మీదే అరగంట పోయడం ఇంకో ఘోరం. ఉన్నవి 60 నిమిషాలు. రెట్టింపు బరువున్న టాస్క్ 2కి 40 ఉంచుకోవాలి, 250 మాటలకు తగ్గకూడదు. రాసే ముందు ఐదు నిమిషాలు ఆలోచనకు, చివరి నాలుగు దిద్దుబాటుకు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనవాళ్లు 'ఎ', 'ద' తెగ వదిలేస్తారు. ఆ నాలుగు నిమిషాలూ ముందు వాటికే ఇవ్వండి.