పట్టా చేతికొచ్చిన తర్వాత

1890లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గణిత పరీక్ష ఫలితాలు ప్రకటించినప్పుడు ఫిలిప్పా ఫాసెట్ అనే యువతి స్థానాన్ని ‘ప్రథముడి కంటే పైన’ అని చదివారు. ప్రథముడు మాత్రం ఆమె కంటే తక్కువ మార్కులు వచ్చిన పురుషుడే. మహిళలకు పరీక్ష రాసే అనుమతి ఉంది గాని, వరుసలో స్థానం గాని పట్టా గాని లేవు. పట్టా ఇద్దామా అని 1897లో ఓటింగు పెడితే 662 మంది సరేనన్నారు, 1,713 మంది వద్దన్నారు. ఆ రోజు సైకిలెక్కిన యువతి దిష్టిబొమ్మను వీధిలో వేలాడదీసిన విద్యార్థులు, ఫలితం వచ్చాక దాన్ని చీల్చి చెండాడారు. మహిళలకు పూర్తి హోదాతో పట్టా ఇవ్వడానికి ఆ మహా విద్యాపీఠానికి 1948 దాకా తీరిక దొరకలేదు.

నేడు ప్రపంచం మొత్తం మీద ఉన్నత విద్యలో చేరుతున్నవారిలో అమ్మాయిలే ఎక్కువ. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీలు అందుకునేవారిలో 1980ల ఆరంభం నుంచే వారిది ఆధిక్యం. ఇంజినీరింగులో, కంప్యూటర్ శాస్త్రంలో ఇంకా వెనుకబాటు ఉన్నా, ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద మార్పు చూసిన సామాజిక రంగాలు అరుదు. సంతోషించదగ్గ విషయమే. అయితే ఈ లెక్క చూపించి సమస్య తీరిపోయిందనేవారితో మేము ఏకీభవించలేం. మహిళలు పరీక్ష గట్టెక్కిన ప్రతిసారీ పరీక్షకు బయట మరో నిబంధన పుట్టుకొచ్చిన చరిత్ర ఇది.

ఎడింబరోలో వైద్య విద్యలో చేరిన తొలి మహిళల్లో ఒకరైన ఈడిత్ పీచీ 1870లో రసాయనశాస్త్రంలో ముందు నిలిచి ఉపకారవేతనానికి అర్హత సాధించారు. దాన్ని ఆమె కింద నిలిచిన పురుషులకు ఇచ్చేశారు. అదే ఏడాది నవంబరులో ఆ యువతులు పరీక్షకు వెళ్తుంటే అల్లరి మూక దారికి అడ్డుపడి బురద చల్లింది. వారిని అసలు చేర్చుకోవడమే తప్పని 1873లో న్యాయస్థానం తేల్చింది. ఆ విశ్వవిద్యాలయం వారికి పట్టాలిచ్చింది 2019లో, అందరూ గతించిన తర్వాత. ఇరవయ్యో శతాబ్దంలో అడ్డుకునే పద్ధతులు కాస్త మర్యాదగా మారాయి. భౌతికశాస్త్రవేత్త మరియా గోపర్ట్ మేయర్ భర్త ప్రొఫెసర్ కావడమే ఆమెకు అనర్హత అయింది. భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఉద్యోగమివ్వని బంధుప్రీతి నిషేధం పేరిట ఏళ్ల తరబడి జీతం లేకుండా పరిశోధించిన ఆమెకు వేతనంతో పూర్తి ప్రొఫెసర్ పదవి 1960లో గాని దక్కలేదు. మూడేళ్లకు నోబెల్ వచ్చింది.

సామర్థ్యం లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. అందుకే కొత్త సాకు వెతికారు: మరీ ఎక్కువమంది వచ్చేస్తున్నారట. టోక్యోలోని ఒక ప్రముఖ వైద్య విశ్వవిద్యాలయం అమ్మాయిల సంఖ్య పెరగకుండా ఏళ్లపాటు వారి ప్రవేశ పరీక్ష మార్కులను గుట్టుగా కోసేసిందని 2018లో బయటపడింది. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేస్తారు, ఆసుపత్రుల్లో వైద్యుల కొరత వస్తుంది అన్నది దాని వెనుక వినిపించిన సమర్థన. తల్లులు ఎందుకు మానేస్తున్నారో, ఆసుపత్రి పని గంటలు ఎలా ఉన్నాయో విచారించడం కంటే మార్కులు కోయడం వారికి తేలికైంది. 2012లో ఇరాన్‌లో 30కి పైగా విశ్వవిద్యాలయాలు 70కి పైగా కోర్సులను పురుషులకే పరిమితం చేసినప్పుడూ అక్కడ మహిళలు వెనుకబడి లేరు, ప్రవేశాల్లో ముందున్నారు. ఇక అఫ్గానిస్థాన్‌లో దాపరికం కూడా లేదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలు, 2024 డిసెంబరులో నర్సింగ్, మంత్రసాని శిక్షణ మహిళలకు మూసేశారు. మగ వైద్యుల దగ్గరికి మహిళలు వెళ్లడంపై ఆంక్షలున్న చోట రేపు కాన్పులు ఎవరు చేయాలి?

చాలా దేశాల్లో అబ్బాయిలు చదువులో వెనుకబడుతున్న మాట నిజమే, దాన్ని తేలికగా తీసుకోకూడదు. కానీ ఆ వెనుకబాటు మొదలయ్యేది బడిలో, చిన్న తరగతుల్లో చదవడం రాయడం దగ్గర. అక్కడ చేయాల్సిన పని వదిలేసి అమ్మాయిల విజయాన్ని నేరంగా చూపడం వల్ల ఒక్క అబ్బాయికీ మేలు జరగదు.

బాహాటమైన నిషేధాల కంటే కంటికి కనిపించని వడపోత మరింత మొండిది. యూరప్‌లో డాక్టరేట్లు పొందుతున్నవారిలో దాదాపు సగం మహిళలే. అత్యున్నత ప్రొఫెసర్ హోదాకు వచ్చేసరికి మూడోవంతు కూడా ఉండరు. ప్రపంచ పరిశోధకుల్లో వారి వాటా సుమారు మూడోవంతు. పదవి ఖాయం కావడానికి పేపర్లు ప్రచురించి నిరూపించుకోవాల్సిన ఏళ్లు, పిల్లలను కనే ఏళ్లు ఒకటే కావడం ఇందుకు పెద్ద కారణం. దీనికి మందుగా కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు బిడ్డ పుడితే తల్లికీ తండ్రికీ సమానంగా గడువు పొడిగించాయి. పేరున్న ఆర్థికశాస్త్ర విభాగాలపై 2018లో వెలువడిన అధ్యయనం దాని ఫలితం చూపింది: పురుషులకు పదవి ఖాయమయ్యే అవకాశాలు పెరిగాయి, మహిళలకు తగ్గాయి. అదనపు ఏడాదిలో పురుషులు పేపర్లు రాసుకున్నారు. తల్లులు ఆ ఏడాదిని ఎలా గడిపి ఉంటారో వేరే చెప్పాలా?

మంచి ఉద్దేశం చాలదు, ఫలితాన్ని కొలవాలి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జీవశాస్త్రవేత్త నాన్సీ హాప్కిన్స్ టేపు పట్టుకుని ప్రయోగశాలలు కొలిచారు. తనకు, తోటి మహిళలకు కేటాయించిన స్థలం పురుషులకంటే తక్కువని తేలింది. 1999లో ఆ సంస్థ వివక్షను బహిరంగంగా ఒప్పుకోవడానికి దారితీసింది ఆ కొలతలే. అదే తీరులో ప్రతి విశ్వవిద్యాలయమూ విభాగాల వారీగా జీతాలు, ప్రయోగశాల స్థలం, పదోన్నతికి దరఖాస్తు చేసినవారు, పొందినవారు, ప్రసూతి సెలవు తర్వాత ఎవరు ఎక్కడ ఆగిపోయారు అన్న వివరాలను ఏటా బయటపెట్టాలని మేము కోరుతున్నాం. పరిశోధన నిధులకు వయోపరిమితి పెట్టే సంస్థలు దాన్ని తీసేయాలి. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ యువ పరిశోధకులకిచ్చే నిధుల్లో అర్హత కాలాన్ని డాక్టరేట్ వచ్చిన నాటి నుంచి లెక్కిస్తుంది; తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలల వెసులుబాటు ఇస్తుంది. మిగతావారు ఈ దారి పట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, దరఖాస్తు ఫారంలో పుట్టిన తేదీ అడిగే గడిని మారిస్తే సరిపోతుంది.