పట్టా మనదే, స్వాధీనం మాత్రం కాదు

రాత్రి బ్యాకప్ నడవలేదని తెల్లారేసరికి ఫోన్లు మొదలయ్యాయి. లాగ్‌లో ఒకటే ముక్క: పర్మిషన్ డినైడ్. చూడబోతే లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ) దాచిపెట్టే తాళాలగుత్తిలో, అంటే కీరింగ్‌లో, బ్యాకప్‌కి కావాల్సిన ఎన్‌క్రిప్షన్ కీ భద్రంగానే ఉంది. ఓనర్ ఎవరంటే బ్యాకప్ అకౌంటే. చదువుదామంటే మాత్రం ససేమిరా అంటోంది.

"సుడో కొట్టవయ్యా, అదే దారికొస్తుంది" అన్నారు మా సీనియర్ గారు. కొట్టాం, అంటే రూట్ హోదాలో అడిగాం. సర్వర్‌లో సర్వాధికారి అనుకునే రూట్‌కీ అదే జవాబు! ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కొట్టారు, తప్పు అద్దాలదేమో అన్నట్టు.

ఇంతలో మేనేజర్ గారు టీ కప్పుతో వచ్చారు. "పర్మిషనేగా కావాల్సింది? నేను అప్రూవ్ చేస్తున్నాను. మెయిల్ పెట్టమంటారా?"

కీ పక్కన 3ఎఫ్010000 అని హక్కుల కోడ్ ఉంది. గుట్టంతా అందులోనే ఉంది. మొదటి 3ఎఫ్ స్వాధీనంలో ఉన్నవాడిది: చూడటం, చదవడం, రాయడం, వెతకడం, లింక్ చేయడం, హక్కులు మార్చడం, ఆరూ వాడికే. తర్వాతి 01 ఓనర్‌ది: చూడటం ఒక్కటే. పట్టా నీదే, గట్టు మీద నుంచుని పొలం చూసుకో, దిగావంటే ఊరుకోం అన్నట్టు! పోనీ హక్కులు మార్చుకుందామా అంటే, ఆ హక్కూ స్వాధీనంలో ఉన్నవాడిదేనాయె.

స్వాధీనం అంటే, మన సెషన్ కీరింగ్ (ఈ సెషన్‌కి ఇచ్చిన తాళాలగుత్తి) నుంచి వెతుక్కుంటూ పోతే ఆ కీ దొరకాలి. బ్యాకప్‌ని చేత్తో నడిపినన్నాళ్లూ దొరికింది. సర్వీసుగా మార్చాక, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ దానికి విడిగా ఓ సెషన్ కీరింగ్ ఇచ్చింది. అందులో మన కీ ఉన్న యూజర్ కీరింగ్‌కి లింక్ లేదు. ఆ సర్వీసు సెట్టింగులుండే యూనిట్ ఫైల్‌లో కీరింగ్‌మోడ్ షేర్డ్ అని ఒక్క లైను రాస్తే బ్యాకప్ కదిలింది.

అయితే ఈలోగా సీనియర్ గారు పక్క టెర్మినల్‌లో టెస్టింగ్ పేరుతో కొత్త కొత్త పేర్లతో కీలు చేరుస్తూనే ఉన్నారు. చివరికి స్క్రీన్ మీద డిస్క్ కోటా ఎక్సీడెడ్ అని పడింది. డిస్క్ సగానికి పైగా ఖాళీ! మామూలు యూజర్‌కి కెర్నల్ ఇచ్చే కీలు 200, అవి నిండినా ఆ మాటే అంటుంది మహాతల్లి. ఆ సంగతి చెప్పేలోపే మేనేజర్ గారి మొహం వెలిగిపోయింది.

"హమ్మయ్య, ఇది నాకు అర్థమైంది" అంటూ కొత్త డిస్క్‌కి అప్రూవల్ మెయిల్ పెట్టేశారు.